గీత పడని పదకొండేళ్ళు

నేను ఏడో తరగతి రెండుసార్లు రాశాను. మొదటిసారి లెక్కల్లో పంతొమ్మిది వచ్చాయి, రెండోసారి పద్దెనిమిది. ఈ వరసలో ఇంకో పద్దెనిమిదేళ్ళు రాస్తే సున్నాకి చేరతానని మా నాన్నకి లెక్క కట్టి చెప్పి, పుస్తకాల సంచీ అటకెక్కించి, రావులపాలెం అరటి మార్కెట్లో లారీ ఎక్కాను. మొదట గెలలు ఎక్కించేవాణ్ణి, తర్వాత క్లీనరుని, ఆ తర్వాత డ్రైవరుని. ముప్ఫై అయిదు అనే అంకె మీద ఆ రోజుల నుంచే నాకో కోపం. వస్తే పాసు, రాకపోతే లారీ.

మా అన్నయ్య నాకంటే ఆరేళ్ళు పెద్ద. వాడు నాలాగా తప్పి మానలేదు. అయిదో తరగతి నెగ్గాకే, నాన్నకి చేదోడు కావాలని మానేశాడు. పెద్దయ్యాక రావులపాలెంలో ఒక డాక్టరు గారి దగ్గర కారు డ్రైవరుగా కుదిరాడు. తెల్ల అంబాసిడరు. తొంభైల్లో ఆ బండి వెనక సీటులో కూర్చుని చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతమంది కాన్పులకి వెళ్ళారో, ఎంతమంది జ్వరాలతో వెళ్ళారో చెప్పలేను. అన్నయ్య నడిపితే పేషెంటు నిద్రపోతాడని డాక్టరు గారు అనేవారు. నేను నడిపితే పేషెంటుకి స్పృహ వస్తుందని నేను అనేవాణ్ణి.

నిజానికి మా ఇద్దరిలో తేడా ఏమిటో నాకు మొదటిసారి అర్థమయింది ఒక ఇన్సూరెన్సు ఏజెంటు వల్ల. ఆయన ఏటా పాలసీ గడువు ముగిసే ముందు స్కూటరు మీద ఆసుపత్రికి వచ్చేవాడు. గెలల లోడు సాయంత్రం గాని కాదు కాబట్టి నేను పగలల్లా ఆ గుమ్మం ముందు బల్ల మీదే ఉండేవాణ్ణి. ఒక ఏడు ఆయన సంచీలో రెండు కాగితాలున్నాయి. ఒకటి డాక్టరు గారి బండిది, ఇంకొకటి రైసు మిల్లు ఆసామిది. ఆయనదీ తెల్ల అంబాసిడరే, ఒకే ఏడు కొన్నవి. కట్టవలసిన డబ్బు మాత్రం మిల్లు వారిది చాలా ఎక్కువ.

“ఇదేంటండి, మిల్లు ఆయన దగ్గర డబ్బులున్నాయని ఎక్కువ లాగుతున్నారా?” అన్నాను.

“నీకెందుకయ్యా, నీ లారీకి నువ్వు కడుతున్నావా?”

“తెలుసుకుంటే తప్పేముందండి. బళ్ళో ఎలాగూ తెలుసుకోలేదు.”

ఆయన టీ ఊదుకుంటూ చెప్పాడు. కంపెనీ ముందు బండిని చూస్తుందట. ఇంజను ఎంత పెద్దది, వయసెంత, ఇవాళ అమ్మితే ఎంతొస్తుంది అని. తర్వాత ఊరు చూస్తుంది. పెద్ద సిటీలో తిరిగే బండికి ఎక్కువ, మన వైపు తిరిగేదానికి తక్కువ. టాక్సీ అయితే ఇంకో రేటు. ఎదుటివాడికి దెబ్బ తగిలితే ఇచ్చే భాగం ఒకటుంది, దాని మీద ఎవరికీ తగ్గింపు లేదు. సొంత బండి దెబ్బతింటే ఇచ్చే భాగం మీద మాత్రం తగ్గింపు ఉంది. ఏడాది పొడుగునా కంపెనీని ఒక్క రూపాయి అడగకపోతే పై ఏడు కొంత తగ్గిస్తారు. ఆ పై ఏడు కూడా అడక్కపోతే మరికొంత. దాని పేరు నో క్లెయిమ్ బోనస్. ఒక్కసారి అడిగామా, ఎక్కిన మెట్లన్నీ దిగి మళ్ళీ నేల మీద నిలబడాలి. మిల్లు ఆసామి కొడుకు రెండేళ్ళలో మూడుసార్లు అడిగాడు.

“అంటే ఏమీ జరగనందుకు డబ్బులిస్తారన్నమాట.”

“ఇవ్వరు. తక్కువ పుచ్చుకుంటారు.”

“మరి బండి నడిపేవాడు ఎలాంటివాడో చూడరా?”

“నడిపేవాడి పేరు ఇందులో ఉండదు. ఓనరు పేరుంటుంది. డ్రైవరు బుద్ధిమంతుడైతే ఓనరుకి మార్కులు పడతాయి.”

లోపల్నుంచి డాక్టరు గారు వింటున్నారు కాబోలు, నవ్వారు. ఆ ఏడు పాలసీ రాగానే అన్నయ్యని పిలిచి, తగ్గింపు రాసి ఉన్న చోట వేలు పెట్టి చూపించి, “ఇదిగో, నీ మార్కులు చూసుకో” అన్నారు. అప్పట్నుంచి అది ఏటా జరిగేది. అన్నయ్యకి ఇంగ్లీషు రాదు, అంకెలు మాత్రం వచ్చు. రెండు చేతులూ తుడుచుకుని కాగితం పట్టుకుని ఆ అంకె ఒక్కటే చూసి తిరిగి ఇచ్చేసేవాడు. ఇంటికొచ్చి వదినకి చెప్పేవాడు. ఏయే ఏడు ఎంతెంత పెరిగిందో నాకిప్పుడు గుర్తు లేదు. చివరికి యాభై దగ్గర ఆగింది. అంతకు మించి లేదన్నారు.

“నూటికి యాభయ్యా? సెకండ్ క్లాసేగా” అన్నాను నేను.

“వందకి వంద ఇస్తే కంపెనీవాడు మన దగ్గరకెందుకు వస్తాడ్రా” అన్నాడు అన్నయ్య, చాలా సీరియస్‌గా.

ఒకసారి పెద్దాపురం జాతరకి డాక్టరు గారి కుటుంబాన్ని తీసుకెళ్ళాడు. రద్దీలో ఒక గేదె కొమ్ము తలుపు మీద జానెడు పొడుగున గీసింది. క్లెయిము పెడితే కంపెనీయే రంగు వేయిస్తుంది. అన్నయ్య పెట్టనివ్వలేదు. ఆ రాత్రికి రాత్రే షెడ్డుకి తీసుకెళ్ళి తన డబ్బులతో రంగు కొట్టించి, డాక్టరు గారు లేచేసరికి బండి గుమ్మంలో పెట్టాడు. గీత బండి మీద పడింది గాని కాగితం మీద పడలేదని నాతో గొప్పగా చెప్పాడు. గేదె కొమ్ముకి సొంత జేబులోంచి కట్టినవాడు జిల్లా మొత్తానికి నువ్వొక్కడివేనని నేనన్నాను. అలా పదకొండేళ్ళు.

రెండువేలు దాటిన కొత్తలో డాక్టరు గారు ప్రాక్టీసు మానేసి కాకినాడ వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ బండి అన్నయ్యకే అమ్మారు. అమ్మారంటే, జీతం కింద చివర్లో ఇవ్వవలసింది పట్టుకుని, మిగతాది వీలు చూసుకుని ఇమ్మన్నారు. ఏడాది తిరక్కుండా అన్నయ్య అదీ తీర్చేశాడు. పేరు మార్చుకునే ఫారాల మీద ఆయన సంతకాలు పెట్టి ఇచ్చారు. ఆ మధ్యాహ్నం అన్నయ్య బండి తోలుకొచ్చి మా ఇంటి ముందు ఆపాడు. దిగకుండా స్టీరింగు ముందు అలాగే కూర్చున్నాడు. వదిన హారతి పళ్ళెం పట్టుకుని ఎండలో నిలబడి, “దిగుతారా, బండిలోనే ఉంటారా?” అంది.

మాది ఆత్రేయపురం. వదిన పూతరేకులు చేస్తుంది. పొయ్యి మీద కుండ బోర్లించి, పల్చటి బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి, కుండ మీదుగా ఒక్కసారి లాగితే రేకు వస్తుంది. కాగితం కంటే పల్చన. దాన్ని ఊరికే పట్టుకుంటేనే విరుగుతుంది. పంచదార, నెయ్యి వేసి మడిచి పెట్టెల్లో సర్ది రావులపాలెం, రాజమండ్రి కొట్లకి వేయాలి. అంతకుముందు బస్సులో పంపితే సగం పొడుమయ్యేవి. ఇప్పుడు సొంత బండి, అందులోనూ మా అన్నయ్య డ్రైవింగు. డాక్టరు గారి పేషెంట్లని మోసిన సీటు మీద రేకుల పెట్టెలు నిద్రపోతూ వెళ్ళేవి. కొట్టువాళ్ళు వదిన రేకులంటే ముక్క విరగదని అడిగి తీసుకునేవారు. అన్నయ్య వాళ్ళ అమ్మాయి ఇంటరు ప్యాసై నర్సింగులో చేరింది.

ఆ ఏడే పాలసీ గడువు వచ్చింది. ఏజెంటు ఇంటికొచ్చి, “ఆర్.సి. మీద, దీని మీద పేరు మార్పించుకోండి. అమ్మిన పద్నాలుగు రోజుల్లోనే చేయవలసిన పని” అన్నాడు.

“బోనసు ఎంతుంటుందండి?” అన్నయ్య అడిగిన మొదటి మాట అదే.

“బోనసు మనిషిది గాని బండిది కాదు. డాక్టరు గారి పేరు పోతే ఆయన బోనసు ఆయనతో పోతుంది. మీకు సున్నా నుంచి మొదలు.”

“నడిపింది నేనే కదండి.”

“నిజమేనండి. కాగితానికి అది తెలీదు కదా.”

 అన్నయ్య రెండు రోజుల్లో చెప్తానని ఆయన్ని పంపించేశాడు. బాధ డబ్బు గురించి కాదు. ఆ తేడా నాలుగు ట్రిప్పుల రేకులతో వచ్చేసేదే. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఫారాలు మడిచి విప్పుతుంటే చూసి, నవ్విద్దామని, నేను నా నోరు తెరిచాను.

“అన్నయ్యా, పదకొండేళ్ళు పరీక్ష నువ్వు రాశావు, హాల్ టికెట్టు ఆయనది. ఇప్పుడు నీ పేరు చెప్పుకుంటే ఒకటో తరగతిలో కూర్చోబెడతారు. ఈ వయసులో నిక్కరేసుకుని, పలక పట్టుకుని, పక్కన ఆ మిల్లు గారబ్బాయి. ముక్కు కారుతుంటే నీ రుమాలు అడుగుతాడు, చూసుకో.”

అన్నయ్య ముందు ఆపుకున్నాడు. తర్వాత వాడి భుజాలు కదిలాయి. వదిన నవ్వీ నవ్వీ చేతిలో మడుస్తున్న రేకు పుటుక్కుమనిపించింది. “చూడు, నీ వల్ల ఒకటి పోయింది” అని విరిగిన ముక్క నా నోట్లో పెట్టింది. నేను ఇంకా రెచ్చిపోయి, అన్నయ్య పలక మీద అ ఆలు దిద్దుతున్నట్టు అభినయం కూడా చేశాను. అన్నయ్య కళ్ళు తుడుచుకుంటూ లేచి ఫారాలు దేవుడి పటం వెనకాల పెట్టాడు. “ఉండనీలేరా. ఒక ఏడు చూద్దాం” అన్నాడు. పాలసీ డాక్టరు గారి పేరు మీదే, యాభై తగ్గింపుతోనే మళ్ళీ కట్టాడు. మరుసటి ఏడు కూడా అంతే. ఏజెంటు చెప్పడం మానలేదు, మేము నవ్వడం మానలేదు.

నేను ఎన్నో జోకులు వేశాను. చాలావాటికి ఎవరూ నవ్వలేదు. దానికి నవ్వారు.

ఆ రెండో ఏడు మాఘమాసం ఇంకా రాలేదు, పొద్దున్న మంచు దట్టంగా పడుతోంది. మా వైపు కోతలయ్యాక ధాన్యం తారు రోడ్డు మీదే ఆరబోస్తారు. కళ్ళాలకి చోటు లేక కాదు, తారు మీద తొందరగా ఆరుతుందని. చుట్టూ రాళ్ళు పేర్చి, సాయంత్రం కుప్ప చేసి పరదా కప్పుతారు. కాలవ గట్టు రోడ్డు అసలే సన్నం, దానికి సగం ధాన్యం. మేమంతా అలా ఆరబోసుకుంటూ పెరిగినవాళ్ళమే, ఎవరినీ అనడానికి లేదు. ఆ రోజు అన్నయ్య తెల్లవారుతూనే రాజమండ్రి కొట్లకి బయల్దేరాడు. వెళ్ళవలసింది బొబ్బర్లంక మీదుగా. రావులపాలెంలో ఒక కొట్టాయన నాలుగు పెట్టెలు ముందు వేసి వెళ్ళమన్నాడని ఇటు లొల్ల లాకుల వైపు తిప్పాడు. లాకులు ఇంకా కొంత దూరం ఉందనగా మంచులో ధాన్యం కుప్ప ఎదురయింది. దాని మీద కాపలా మనిషి పడుకుని ఉన్నాడు. అన్నయ్య స్టీరింగు పక్కకి కోశాడు. కుప్ప అంచు రాయి చక్రం కింద పడింది. బండి కాలవలోకి వెళ్ళిపోయింది.

పడుకున్న మనిషికి ఏమీ కాలేదు. అతనే కాలవలోకి దూకాడు, అతనే కేకలేసి నలుగురిని పిలిచాడు. తలుపు తీసేసరికి ఆలస్యం అయిపోయింది. నేను వెళ్ళేటప్పటికి గట్టు మీద అన్నయ్యని పడుకోబెట్టి ఉన్నారు. నీళ్ళ మీద పెట్టెలు తేలుతున్నాయి. రేకులు కరిగిపోయి కాలవంతా ఒకచోట తెల్లగా పాలు పోసినట్టుంది. ఎవరో నా భుజం మీద చెయ్యి వేసి, “నిద్రపోతున్నట్టే ఉన్నాడు బాబూ” అన్నారు. పేషెంట్లు నిద్రపోయేవారని డాక్టరు గారన్న మాట గుర్తొచ్చింది నాకు.

పెద్ద కర్మ అయిన మర్నాడు ఏజెంటు వచ్చాడు. నన్ను పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు. రేపు నష్టం లెక్క కట్టడానికి కంపెనీ సర్వేయరు వస్తాడు. పాలసీ, ఆర్.సి. ఇంకా డాక్టరు గారి పేరు మీదే ఉన్నాయి. మీ అన్నయ్య డాక్టరు గారి డ్రైవరని ఒక్క మాట చెప్తే చాలు. బండికి డబ్బొస్తుంది, డ్యూటీలో పోయిన డ్రైవరు కింద మీ వదినకి కూడా వస్తుంది. డాక్టరు గారితో మాట్లాడాను, ఆయన అడ్డు చెప్పరు. మీ అన్నయ్యే ఓనరని చెప్పారా, కాగితం మీద అతనెవరో కంపెనీకి తెలీదు, పైసా రాదు.

“ఒక్క మాటేనయ్యా. నీకు మాటలకి కరువా” అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. పేరు మార్చుకోమని రెండేళ్ళు మొత్తుకున్నది ఆయనే. వదినకి విషయం చెప్పాను. విని లోపలికి వెళ్ళింది. రాత్రంతా నేను ఆ మాట అనుకుంటూనే ఉన్నాను. డ్రైవరు, డ్రైవరు. అబద్ధమని కూడా అనిపించలేదు. పదకొండేళ్ళు డ్రైవరే కదా. ఊరికే నవ్వించడానికి అంతకంటే పెద్దవి వెయ్యి ఆడాను. అమ్మాయి ఫీజు ఉంది, పొయ్యి వెలగక పన్నెండు రోజులయింది.

సర్వేయరు పెద్దాయన, నెమ్మదస్తుడు. షెడ్డులో బండి చూసి వచ్చి అరుగు మీద కూర్చుని కాగితాలు తీశాడు. మంచినీళ్ళు తాగాడు. వదిన తలుపు పక్కన కింద కూర్చుంది.

“బండి నడిపిన ఆయన మీకేమవుతారు?”

“మా అన్నయ్యండి.”

“డాక్టరు గారి దగ్గర డ్రైవరుగా చేసేవారాండి?”

నోటి చివర ఉంది. ఎన్నడూ ఆగని నోరు. దేవుడి పటం వెనకాల ఆ ఫారాల అంచు కనిపిస్తోంది నాకు. పళ్ళెం పట్టుకుని వదిన నిలబడితే బండి దిగకుండా కూర్చున్న వాడి మొహం కనిపిస్తోంది. “అంటేనండి” అన్నాను. అక్కడితో ఆగిపోయాను.

“ఓనరండి” అంది వదిన.

సర్వేయరు రాస్తున్నది ఆపాడు. “అమ్మా, పేపర్ల ప్రకారం అడుగుతున్నాను. ఒక్కసారి ఆలోచించుకుని చెప్పండి.”

“పదకొండేళ్ళు డ్రైవరేనండి. ఈ రెండేళ్ళే ఓనరు. ఆ రెండేళ్ళు కూడా తీసేయమంటే ఎలాగండి.”

ఏడవలేదు. కూరల ధర చెప్పినట్టు చెప్పింది. సర్వేయరు కాసేపు నా వైపు చూశాడు, నేనేమైనా సర్దుతానేమోనని. సర్దడానికి వీలైన సమయం అదే. ఏదో ఒకటి అని, మా వదినకి ఇంకా తెలివి కుదుట పడలేదని చెప్పి, నవ్వేసి తిప్పేయగలను. నేను తల దించుకున్నాను. ఆయన రాసుకుని, కలం జేబులో పెట్టుకుని, చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. అమ్మాయి చదివి అర్థం చెప్పింది. బండి పోతే నష్టపోయేది పాలసీలో పేరున్న మనిషి అయి ఉండాలట. డాక్టరు గారు బండి ఎప్పుడో అమ్మేశారు కాబట్టి ఆయనకి నష్టం లేదు. నష్టపోయిన మనిషి పేరు పాలసీలో లేదు. కాబట్టి ఇవ్వవలసిన వాళ్ళు లేరు. అమ్మాయి రెండోసారి చదివింది. ఆ ఉత్తరంలో ఒక్క మాట కూడా తప్పు లేదు, అదే దాని బాధ.

డాక్టరు గారు వచ్చారు. చూపు బాగా తగ్గిపోయింది, చేతికర్రతో వచ్చారు. “నేనే పట్టుబట్టి మార్పించి ఉండాల్సింది” అన్నారు. “ఆ యాభై నాది కాదమ్మా. ఒక్క రోజు కూడా నాది కాదు. ఇచ్చేయడానికి వీల్లేని వస్తువు అది.” వెళ్ళే ముందు తన పేరున్న కాగితం మీద నాలుగు ముక్కలు రాసి వదిన చేతికిచ్చారు. పదకొండు సంవత్సరాలు నా కారు నడిపాడు, ఒక్కసారి కూడా కంపెనీని రూపాయి అడగవలసిన అవసరం రానివ్వలేదు అని. కింద సంతకం. నేను అది పట్టుకుని ఏజెంటు దగ్గరకెళ్ళాను, దేనికైనా పనికొస్తుందేమోనని. ఆయన రెండుసార్లు చదివి జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చాడు.

బండి అమ్మేద్దామంటే ఇనుము ధరకి అడిగారు. వదిన వద్దంది. రేకులు బస్సులో పంపితే పొడుమవుతాయంది. నేను లారీ మానేసి, ఉన్నది ఊడ్చి షెడ్డుకి పెట్టాను. నాలుగు నెలలకి అంబాసిడరు లేచింది. డాక్టరు గారి సంతకాలున్న ఆ ఫారాలే పటం వెనకనుంచి తీశాం. డాక్టరు గారు కాకినాడ నుంచి మళ్ళీ వచ్చి ఆఫీసులో కావలసిన చోటల్లా సంతకాలు పెట్టారు. బండి వదిన పేరు మీదకి మారింది. పాలసీ కూడా ఆవిడ పేరునే. తగ్గింపు ఉండే గడిలో సున్నా. నేను ఒకటో తరగతిలో కూర్చున్నాను, నిక్కరు ఒక్కటే తక్కువ.

నేను నడపడం నేర్చుకున్నది అప్పుడే అనాలి. అరటి గెలకీ పూతరేకుకీ ఉన్న తేడా అది. గెల దెబ్బ తింటే మాగుతుంది, రేకు దెబ్బ తింటే ఇక లేదు. ధాన్యం ఆరబోసిన చోటల్లా ఆపి, దిగి, చూసి, మళ్ళీ ఎక్కేవాణ్ణి. వెనకవాళ్ళు హారను కొట్టేవారు. నాతో లారీలు తోలినవాళ్ళు, “ఏంట్రా, పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నావా?” అనేవారు. జవాబు చెప్పేవాణ్ణి కాదు. చెప్తే వాళ్ళు నవ్వుతారు.

మొదటి ఏడు గడిచింది, ఇరవై. రెండో ఏడు, ఇరవై అయిదు. మూడో ఏడు ఏజెంటు పాలసీ ఇస్తూ ఏమీ అనలేదు గాని వేలు ఆ గడి మీద పెట్టాడు. ముప్ఫై అయిదు.

ఇంటికొచ్చేసరికి వదిన పొయ్యి ముందు ఉంది. కుండ మీంచి రేకు తీస్తోంది.

“వదినా, ముప్ఫై అయిదు వచ్చింది” అన్నాను.

“పాసయ్యావన్నమాట.”

“జీవితంలో మొదటిసారి.”

పక్కన పీట మీద కూర్చున్నాను. చాలాకాలంగా మోస్తున్న మాట ఒకటుంది. ఆ రోజు ఇదే పొయ్యి దగ్గర ఆ వెధవ జోకు నేను వేయకపోయి ఉంటే, పలక పట్టుకున్నట్టు ఆ అభినయం చేయకపోయి ఉంటే, వాడు మర్నాడే వెళ్ళి పేరు మార్పించుకునేవాడు. బండి ఎలాగూ కాలవలోకి వెళ్ళేదేమో. మిగిలినవాళ్ళకి ఈ మూడేళ్ళు ఇలా ఉండేవి కావు. అమ్మాయి ఏడాది చదువు ఆపి రేకులు మడవవలసి వచ్చేది కాదు. అంతా ఎలా చెప్పానో తెలీదు, ముక్కలు ముక్కలుగా చెప్పాను. చెప్తున్నంతసేపూ వదిన కుండ మీంచి చూపు తిప్పలేదు. రేకు మాడిపోతుంది కాబట్టి.

ఆ వాయి అయ్యాక అంది, “నేనూ నవ్వాను కదా అబ్బాయ్.”

అంతే అంది. గుడ్డ మళ్ళీ జారులో ముంచుతూ అంది, “మీ అన్నయ్య అంతలా నవ్వడం మళ్ళీ చూడలేదు.”

పొయ్యిలో కొబ్బరాకు చిటపటలాడుతోంది. నేను కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను.

“ఏదీ, చూపించు” అంది. “ఎక్కడుంది నా పేరు?”

చూపించాను. ఇంగ్లీషులో ఉంది. పేరు తర్వాత ఇంకో రెండు మూడు మాటలుంటే అదేంటని అడిగింది.

“కీర్తిశేషులు ఫలానా గారి భార్య అని. ఆడవాళ్ళ పేరుకి అలా రాస్తారు.”

“ఆ ఫలానా ఎక్కడ?”

ఆవిడ వేలు పట్టుకుని ఆ చోట పెట్టాను. మా అన్నయ్య పేరు. మూడేళ్ళుగా నాలుగు కాగితాల మీద అక్కడే ఉంది, నేను చూసే గడి వేరు కాబట్టి చూడలేదు. పదమూడేళ్ళు ఆ బండికి పాలసీలు వచ్చాయి, వాడు ఉన్నప్పుడు ఒక్కదాని మీద ఈ పేరు లేదు. వదిన వేలు తీయలేదు. మడతలు వేసే చెయ్యి, నెయ్యి చెయ్యి. తీసేసరికి ఆ పేరు మీద కాగితం గాజులా అయిపోయింది, వెనకాల ఉన్నది కూడా కనిపించేలా.

“అయ్యో, మరక పడింది” అంది.

ఆ కాగితాన్ని డాక్టరు గారి ఉత్తరంతో కలిపి బండిలో పెట్టాను. తర్వాత నెల రావులపాలెం సెంటర్లో ఒక కానిస్టేబులు ఆపి కాగితాలు అడిగాడు. తిప్పి తిప్పి చూసి, “ఏంటిది, పాలసీ మీద నూనె పోశావా?” అన్నాడు.

“నూనె కాదండి. నెయ్యి” అన్నాను.